ఆర్‌బ్రోత్ దారి తప్పింది ఏప్రిల్‌లో కాదు, జనవరిలో

స్కాట్లాండ్ ఫుట్‌బాల్ రెండో అంచెలో పార్ట్‌టైమ్ జట్టుకు చోటుండాలా? 2025లో పార్ట్‌టైమ్ క్లబ్ ఆర్‌బ్రోత్ మూడో అంచె లీగ్ వన్ గెలిచి, రెండో అంచె ఛాంపియన్‌షిప్‌కు తిరిగొచ్చాక ఈ పాత ప్రశ్న మళ్ళీ లేచింది. ఆ క్లబ్ 1885 నాటి 36-0 గెలుపు, సముద్రపు గాలి ఈడ్చికొట్టే దాని గేఫీల్డ్ మైదానం గురించి అందరికీ తెలుసు. ఇప్పటి వాదనకు మూలం మాత్రం 2022 జనవరిలో ఉంది.

ఆ సీజన్‌లో మేనేజర్ డిక్ క్యాంప్‌బెల్ జట్టు కొత్త ఏడాదిలోకి అడుగుపెట్టేటప్పటికి పట్టికలో అగ్రస్థానం కోసం పోటీలో ఉంది. పగలంతా ఉద్యోగాలు, వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీసు. వింగర్ బాబీ లిన్ చెత్త ఎత్తే బండి మీద పనిచేసేవాడు. మైదానం మధ్యలో డేవిడ్ గోల్డ్, మైకేల్ మెకెన్నా. మెకెన్నా బెరిక్ రేంజర్స్ నుంచి వచ్చిన మిడ్‌ఫీల్డర్. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ ఉత్తమ ఆటగాడిగా తోటి ఆటగాళ్ళు ఓటేసింది అతనికే.

ముందు వరుసలో బంతిని పట్టి నిలబెట్టే జోయెల్ నూబుల్ లివింగ్‌స్టన్ క్లబ్ నుంచి లోన్‌పై, అంటే తాత్కాలికంగా వచ్చాడు. జనవరిలో లివింగ్‌స్టన్ అతన్ని వెనక్కి పిలుచుకుంది. ఆటగాడు వాళ్ళవాడు, పై అంచె ప్రీమియర్‌షిప్‌లో వాళ్ళకూ అవసరం ఉంది, నిబంధనల ప్రకారం తప్పేమీ లేదు. అయితే డబ్బున్న క్లబ్ అలాంటి లోటును వారంలో పూడ్చుకుంటుంది. ఆర్‌బ్రోత్‌కు ఆ దారి లేదు. ముందుకు వేసిన బంతి నిలవకపోతే వెనక్కి పరుగెత్తాల్సింది మిడ్‌ఫీల్డరే. గోల్డ్ లాంటివాళ్ళ మీద ఆ నెలల్లో పడ్డ భారం ఏ పట్టికలోనూ కనిపించదు.

ఏప్రిల్ 22న టైటిల్ పోటీలో ఉన్న కిల్‌మార్నాక్‌తో వాళ్ళ ఊళ్ళోనే ఆర్‌బ్రోత్ ముందంజలో ఉండి కూడా 2-1తో ఓడింది, టైటిల్ అక్కడే చేజారింది. సీజన్ ముగిసేసరికి రెండు జట్ల మధ్య తేడా 2 పాయింట్లు. తర్వాత పై అంచెకు వెళ్ళేందుకు ఆడే ప్లేఆఫ్ సెమీఫైనల్లో ఇన్వర్నెస్‌తో రెండు మ్యాచ్‌లూ గోల్ లేకుండా ముగిశాయి. 9 మందితో మిగిలిన ఇన్వర్నెస్ పెనాల్టీల్లో గట్టెక్కింది. చాలామంది ఆ రాత్రులనే తలచుకుంటారు. ఆ 2 పాయింట్ల లెక్క మాత్రం జనవరి నుంచి మొదలుపెట్టాలి.

ఫుల్‌టైమ్ క్లబ్బుల పక్షం వాళ్ళు 2024ను చూపిస్తారు. క్యాంప్‌బెల్ సీజన్ మధ్యలో వెళ్ళిపోయాడు, ఆర్‌బ్రోత్ అట్టడుగున నిలిచి లీగ్ వన్‌కు జారింది. పార్ట్‌టైమ్ జట్టు ఒక ఏడాది మెరుస్తుంది, నిలవదు అన్నది వాళ్ళ మాట. జారిన మాట నిజమే. కానీ 2019లో లీగ్ వన్ గెలిచి పైకొచ్చి, వరుసగా 5 సీజన్లు అక్కడే నిలిచిన జట్టును ఒక్క ఏడాది మెరుపు అనడానికి లేదు.

2016లో క్లబ్‌లో చేరిన గోల్డ్, 2017లో నాలుగో అంచె లీగ్ టూ టైటిల్ నుంచి 2024లో జారిపోయేదాకా అన్నీ చూశాడు. హిబర్నియన్ యువజట్టులో పెరిగినా, అతని పేరు నిలిచింది ఈ చిన్న మైదానం మీదే. 2024లోనే డిఫెండర్ కాలిన్ హామిల్టన్‌తో కలిసి జట్టు పగ్గాలు పట్టాడు. మరుసటి మే నాటికి ఆ ఇద్దరి చేతిలో లీగ్ వన్ టైటిల్ ఉంది.