వీసా ఫ్రీ అంటే ట్రిప్ ఫ్రీ కాదండీ: విదేశీ టూర్ల మీద అపోహలు, వాస్తవాలు

విజయవాడలో టికెట్లు, టూర్ల పని మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. ఒకప్పుడు ఆఫీసులో అడుగుపెట్టినవాళ్లు మొదట "వీసా వస్తుందంటారా?" అని అడిగేవాళ్లు, ఇప్పుడు "ఎక్కడెక్కడ ఫ్రీ?" అంటున్నారు. 2025 దసరాకి ముందు తెనాలి నుంచి ఒకాయన వచ్చారు. ఎరువుల కొట్టు, భార్య, ఇద్దరు పిల్లలు, బ్యాంకాక్-పట్టాయా ఐదు రాత్రులు. కొట్టు బిల్లు పుస్తకం చివరి పేజీ చించి బడ్జెట్ రాసుకొచ్చారు. టికెట్లు ఇంత, హోటలు ఇంత, వీసా దగ్గర పెద్ద సున్నా చుట్టి దాని కింద రెండు గీతలు, అన్నిటికంటే అడుగున "ఇతర ఖర్చులు 5,000". ఆ రెండు గీతలు చూసి నాకు నవ్వొచ్చింది కానీ ఆ ఐదు వేలు చూస్తే భయమేసింది. ఆ కాగితం పుణ్యమా అనే ఇదంతా రాస్తున్నా.

అపోహ: వీసా తీసేశారంటే ఖర్చు సగానికి తగ్గినట్టే.

థాయ్‌లాండ్ మనవాళ్లకి 2023 నవంబరు 10 నుంచి వీసా లేకుండా 30 రోజులు ఇచ్చింది, 2024 జులై 15 నుంచి దాన్ని 60 రోజులు చేసింది. అంతకుముందు దిగగానే లైన్లో నిలబడి మనిషికి 2,000 బాట్లు కట్టి వీసా వేయించుకునేవాళ్లం. అంటే నలుగురికి 8,000 బాట్లు, మన డబ్బుల్లో ఇరవై వేల పైమాటే, తక్కువేం కాదు. కానీ తెనాలి ఆయన ట్రిప్ మొత్తం రెండున్నర లక్షలు దాటింది, అందులో ఈ ఇరవై వేలు ఏపాటి? పైగా ఆయన దసరా సెలవుల్లోనే వెళ్లాలన్నారు. పిల్లలకి సెలవులు అప్పుడే కాబట్టి తప్పదు, ఒప్పుకుంటాను. అదే ఫ్లైటు సెలవులు అయిపోయిన రెండో వారంలో మనిషికి ఆరేడు వేలు తక్కువకి కనబడుతోంది. వీసాలో మిగిలింది టికెట్లోకి వెళ్లిపోయింది, లెక్క సరి.

ఇంకో తిరకాసు కూడా ఉంది. వీసా అక్కర్లేదు అనడం వేరు, వీసా ఫీజు లేదు అనడం వేరు. 2023 చివర్లో శ్రీలంక మనతో కలిపి ఏడు దేశాలవాళ్లకి ఫీజు తీసేసింది, కానీ ఆన్‌లైన్ అనుమతి మాత్రం బయల్దేరకముందే తీసుకోవాలి. పేపర్లో హెడ్డింగు చూసి ఉత్త పాస్‌పోర్టుతో బయల్దేరబోయినవాళ్లని నేనే ఆపాను. ఇంకో సంగతి, ఈ సడలింపులన్నీ రాసిచ్చిన పట్టాలు కావు. మలేషియాది 2023 డిసెంబరు 1న మొదలై, పొడిగిస్తూ వచ్చి, 2026 చివరి దాకా అన్నారు. థాయ్‌లాండ్‌లో 60 రోజుల్ని మళ్లీ 30కి తగ్గించాలన్న మాట 2025లోనే మొదలైంది. కాబట్టి టికెట్ కొనే రోజున ఆ దేశపు ఎంబసీ సైటు ఒకసారి చూడండి, పోయిన ఏడాది వెళ్లొచ్చిన బావమరిది మాట మీద కొనకండి.

అపోహ: టూరిస్టుల కోసం ఆ ప్రభుత్వాలు నష్టపోతున్నాయి పాపం.

ఎవరూ నష్టపోవట్లేదు. థాయ్‌లాండ్‌కి 2019లో దాదాపు నాలుగు కోట్ల మంది విదేశీయులు వచ్చారు. కోవిడ్ తర్వాత చైనావాళ్లు అనుకున్నంతగా తిరిగి రాలేదు, హోటళ్లు ఖాళీ, అప్పుడు మన వైపు చూశారు. తలుపు దగ్గర 2,000 బాట్లు వదులుకుంటే లోపల హోటలు, టాక్సీ, మసాజు, షాపింగు అని మనిషి పదులవేలు పెడతాడని వాళ్లకి తెలుసు. 2024లో ఆ దేశం వెళ్లిన భారతీయులు 21 లక్షలు దాటారు, వాళ్ల లెక్క తప్పలేదు. మన సర్కారూ ఇదే పని చేసింది. 2021 జూన్‌లో, వీసాలు మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టాక వచ్చే మొదటి 5 లక్షల మంది విదేశీ టూరిస్టులకి వీసా ఉచితం అని నిర్మలా సీతారామన్ ప్రకటించారు. కొట్టువాళ్లు కొత్త గిరాకీకి పది శాతం తగ్గిస్తారు చూడండి, అదే ఇది.

అపోహ: డబ్బులిచ్చి, టికెట్లు ఇచ్చి మరీ పిలుస్తున్నారట!

ఈ ఫార్వర్డులు నెలకి నాలుగైనా వస్తాయి నాకు. పూర్తిగా అబద్ధాలు కావు, అదే చిక్కు. హాంకాంగ్ 2023లో 5 లక్షల విమాన టికెట్లు పంచిన మాట నిజం. అవి కోవిడ్ కాలంలో వాళ్ల ఎయిర్‌లైన్స్‌ని బతికించడానికి ప్రభుత్వం ముందే కొని పెట్టుకున్న టికెట్లు. గెలిచినవాళ్లు కూడా ట్యాక్సులు, ఫ్యూయల్ సర్‌చార్జి కట్టాల్సిందే. టికెట్ రేటులో ఆ భాగం ఎంతో మా పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. తైవాన్ 2023 మే నుంచి రెండేళ్ల పాటు సొంతంగా వచ్చే టూరిస్టులకి లాటరీ పెట్టి 5,000 తైవాన్ డాలర్లు ఇచ్చింది, అదీ రావడానికి ముందే ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకున్నవాళ్లకి. గ్రూపుల్ని తీసుకొచ్చే ఏజెన్సీలకి విడిగా ప్రోత్సాహకం ఉండేది. యూరప్‌లోని చిన్న దీవి దేశం మాల్టా 2021 వేసవిలో కనీసం మూడు రాత్రులు హోటల్లో ఉండేవాళ్లకి, హోటల్‌తోనే నేరుగా బుక్ చేసుకుంటే, స్టార్లని బట్టి 200 యూరోల దాకా ప్రయోజనం ఇచ్చింది.

ఇవన్నీ నిజమే, ఇవన్నీ అయిపోయాయి కూడా. ఇలాంటివి నడుస్తున్నప్పుడు దొరికితే సంతోషం, కానీ బడ్జెట్ కాగితంలో ఆదాయం వైపు రాయకండి. లాటరీ తగులుతుందని కూతురి పెళ్లి ముహూర్తం పెట్టుకుంటామా?

అపోహ: వీసా లేదంటే అడిగేవాడే ఉండడు.

ఉంటాడు, ఇక్కడా అక్కడా రెండు చోట్లా ఉంటాడు. వీసా మినహాయింపు అంటే ముందుగా అనుమతి తీసుకోనక్కర్లేదని మాత్రమే. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది దిగాక ఇమిగ్రేషన్ అధికారి ఇష్టం. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ చేతిలో ఉండాలి, పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలు గడువుండాలి. థాయ్‌లాండ్‌లో మనిషికి 10,000 బాట్లు, కుటుంబానికి 20,000 బాట్లకి సమానమైన డబ్బు చూపించమనొచ్చు. అందరినీ అడగరు, అడిగినప్పుడు "ఫోన్‌పేలో ఉన్నాయి" అంటే నడవదు.

శంషాబాద్‌లో ఇంకో ముచ్చట. పదో తరగతి పాసవని చాలామంది పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (కొన్ని దేశాలకి పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని గుర్తు) అని ఉంటుంది. ఆ జాబితాలో ఉన్న 18 దేశాల్లో థాయ్‌లాండ్, మలేషియా కూడా ఉన్నాయని ఎవరో చెప్తే, "మా అత్తగారిని ఆపేస్తారట, ఆవిడ టికెట్ క్యాన్సిల్ చేయండి" అని ఫోన్లు వస్తాయి. ఆ నిబంధన ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి, చూడటానికి వెళ్లేవాళ్లకి కాదు. రిటర్న్ టికెట్, హోటల్ కాగితాలు పెద్దావిడ చేతి సంచిలోనే పెట్టండి, కొడుకు ఫోన్లో కాదు.

ఉద్యోగం మాట వచ్చింది కాబట్టి చెప్తాను, ఇందులో జోకు లేదు. "థాయ్‌లాండ్‌కి వీసా అక్కర్లేదు, టూరిస్టుగా వచ్చేయ్, డేటా ఎంట్రీ ఉద్యోగం" అని పిలిచే ఏజెంట్లున్నారు. అలా వెళ్లి సరిహద్దు దాటించబడి మియన్మార్‌లో సైబర్ మోసాల గోడౌన్లలో ఇరుక్కున్నవాళ్లలో 500 మందికి పైగా భారతీయుల్ని 2025 మార్చిలో థాయ్ సరిహద్దు ఊరు మే సోట్ నుంచి మన వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. అందులో తెలుగు పిల్లలూ ఉన్నారు. వీసా లేకుండా వెళ్లేది చూసి రావడానికే, పనికి కాదు.

అపోహ: టీసీఎస్ అంటే ట్రావెల్స్‌వాళ్లు వేసుకునే దొంగ చార్జి.

మా మీద పడే నిందల్లో ఇది నంబర్ వన్. టీసీఎస్ అంటే అమ్మేవాళ్లు అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మినప్పుడు ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మేం వసూలు చేసి, మీ పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి. తెనాలి ఆయన వెళ్లినప్పుడు 10 లక్షల లోపు 5 శాతం, పైన 20 శాతం. 2026 బడ్జెట్‌లో, ఆ ఏప్రిల్ నుంచి ప్యాకేజీ ఎంతదైనా 2 శాతమే అన్నారు. హమ్మయ్య. ఇది పోయే డబ్బు కాదు. మీ 26ఏఎస్‌లో (ఆదాయపు పన్ను సైటులో మీ పేర ఉండే పన్నుల పట్టీ) కనబడుతుంది, రిటర్ను వేసినప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, లేదా రీఫండ్ వస్తుంది. జీతం వాళ్లయితే కంపెనీకి చెప్పి జీతంలో కోసే పన్నులోనే (టీడీఎస్) సర్దించుకోవచ్చు. రిటర్నే వేయనివాళ్లకి మాత్రం అది ఆవిరే. డబ్బు కట్టేవాళ్లెవరో వాళ్ల పాన్ సరిగ్గా ఇవ్వండి, ఒక్క అంకె తప్పితే మూడు నెలలు నా చుట్టూ మీరు, ఆడిటర్ చుట్టూ నేను తిరగాలి.

ఉత్త టికెట్ ఒక్కటే కొంటే అది ప్యాకేజీ కాదు, టీసీఎస్ లేదు. టికెట్, హోటల్ కలిపి ఒకరి దగ్గరే తీసుకుంటే ప్యాకేజీ. "పక్కాయన టీసీఎస్ లేకుండా చేస్తానన్నాడు" అంటే ఆయన ఏం బిల్లు ఇస్తాడో అడగండి చాలు. ఫారెక్స్ కార్డులో వేసుకునే డబ్బుకైతే ఏడాదికి 10 లక్షల దాకా టీసీఎస్ లేదు, మామూలు కుటుంబానికి ఆ బాధే లేదు.

అపోహ: కార్డు గీకితే ఎక్కడైనా ఒకటే రేటు.

పట్టాయాలో మాల్. తెనాలి ఆయన పిల్లలకి బూట్లు, ఆవిడకి బ్యాగు కొన్నారు. స్వైప్ మిషన్ తిప్పి చూపించారు, దాని మీద రెండు వరసలు: పైన 6,400 బాట్లు, కింద రూపాయల్లో 18,700. ఆయన మనవాడు కదా, తెలిసిన డబ్బు నొక్కారు. ఆ రోజు రేటుకి అది 17,400 దగ్గర పడాలి. మిషన్‌వాడు వాడికి నచ్చిన రేటు వేసి, వాడి లాభం కలుపుకుని, మనకి "మీ సొంత కరెన్సీలో చూపిస్తున్నాం" అని సేవ చేసినట్టు కనబడతాడు. ఆ మీట నొక్కినందుకు పదమూడు వందలు, ఒక కాఫీ కూడా రాకుండా. ఎప్పుడూ ఆ దేశం కరెన్సీయే నొక్కండి. అప్పుడు మీ బ్యాంకు మార్కప్ (విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసుకునే అదనపు చార్జి) పడుతుంది, చాలా కార్డులకి మూడున్నర శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే మొత్తం 4 శాతం పైన. అది కూడా వద్దనుకుంటే మార్కప్ లేని కార్డులున్నాయి, ఆరు వారాల ముందే తీసుకోండి, ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారిలో కాదు.

థాయ్‌లాండ్ ఏటీఎంలో విదేశీ కార్డు పెడితే తీసిన ప్రతిసారీ 220 బాట్లకి తక్కువ కాకుండా కోస్తారు. వెయ్యి వెయ్యి బాట్లు నాలుగుసార్లు తీసే మహానుభావులున్నారు.

అపోహ: షాపింగ్ మీద ట్యాక్స్ అంతా ఎయిర్‌పోర్టులో తిరిగిచ్చేస్తారు.

అంతా కాదు. సింగపూర్‌లో జీఎస్టీ 9 శాతం, ఒకే కొట్టులో 100 సింగపూర్ డాలర్ల పైన కొంటే రీఫండ్ అడగొచ్చు, మధ్యలో ఏజెన్సీ తన చార్జి పట్టుకునే ఇస్తుంది. దుబాయ్‌లో వ్యాట్ 5 శాతం, 250 దిర్హమ్‌ల పైన కొనాలి, వచ్చేది కట్టినదాంట్లో కొంత కోసి మిగిలింది, అందులోంచి బిల్లుకి 4.80 దిర్హమ్‌లు తీసేస్తారు. తిన్న బిర్యానీకి, ఉన్న హోటలుకి రీఫండ్ లేదు. జపాన్‌లో ఇన్నాళ్లూ కొట్లోనే ట్యాక్స్ తీసేసి ఇచ్చేవాళ్లు, 2026 నవంబరు 1 నుంచి ముందు కట్టి, వెళ్లేటప్పుడు వెనక్కి తీసుకునే పద్ధతి. అంటే ఆ పది శాతం కూడా జేబులో ఉంచుకుని వెళ్లాలి.

దుబాయ్ అనగానే బంగారం. ఆడవాళ్లకి 40 గ్రాములు, మగవాళ్లకి 20 గ్రాముల నగలు సుంకం లేకుండా అనేది ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకి. వారం రోజులు బుర్జ్ ఖలీఫా చూసొచ్చినవాళ్లకి కాదు. ఈ ఒక్క ముక్క మీద నేను ఇళ్లలో గొడవలు చూశాను.

అపోహ: ఆహ్వానించారు కాబట్టి అక్కడ వేరే పన్నులుండవు.

మలేషియా వీసా తీసేసింది కానీ విదేశీయులకి గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం ట్యాక్స్ హోటల్లో విడిగా తీసుకుంటుంది, అదీ చాలాసార్లు కౌంటర్ దగ్గరే. దుబాయ్‌లో స్టార్లని బట్టి గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌లు. బాలీలో 2024 ఫిబ్రవరి నుంచి మనిషికి 1,50,000 రూపాయలు (ఇండోనేషియావి లెండి, మనవి ఎనిమిది వందల చిల్లర). భూటాన్ విదేశీయుల దగ్గర రాత్రికి 100 డాలర్లు తీసుకుంటూ మనవాళ్ల దగ్గర 1,200 రూపాయలే తీసుకుంటోంది, అది మాత్రం నిజంగా మనకిచ్చిన రాయితీ. ప్యాకేజీ తీసుకునేటప్పుడు "ఇందులో లేనివి ఏమిటి" అని అడగండి. ఉన్నవాటి లిస్టు ఎవరైనా రంగుల్లో ఇస్తారు.

అపోహ: ఎరైవల్ కార్డుకి ఫీజు కట్టాలి.

ఎరైవల్ కార్డు అంటే ఆ దేశంలో దిగేముందు మన వివరాలు ఇచ్చే ఫారం. థాయ్‌లాండ్‌కి 2025 మే 1 నుంచి దీన్ని డిజిటల్‌గా నింపాలి, మలేషియాకి, సింగపూర్‌కి కూడా ఉన్నాయి, మూడూ ఉచితం. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల్లో వచ్చే సైట్లు అచ్చం ప్రభుత్వ సైటులాగే ఉండి డబ్బులు అడుగుతాయి. తెనాలి ఆయన నాకు చెప్పకుండా రాత్రి పదింటికి సొంతంగా నింపి, నలుగురికి కలిపి పన్నెండు వేల చిల్లర కట్టేశారు. అది కూడా ఆ చిత్తు కాగితంలో "ఇతర ఖర్చులు" కిందికే వచ్చింది. తిరిగొచ్చాక ఇద్దరం కూర్చుని లెక్కేశాం: ఎరైవల్ కార్డు మోసం, మాల్‌లో పోయిన ఆ 1,300, ఏటీఎం కోతలు, సిమ్ములు, టాక్సీలు, పగడాల దీవి బోటు, అన్నిటికంటే ఎక్కువగా పెరుగన్నం దొరికే ఇండియన్ హోటళ్లు. ఐదు వేలు అని రాసుకున్నచోట అరవై రెండు వేలు తేలింది.