ముందు పుస్తకం, తర్వాతే ఈ-రీడర్

"ఏ ఈ-రీడర్ కొనమంటారు?" అని అడిగినవాళ్లను నేను తిరిగి ఒకటే అడుగుతుంటాను. మీరు చదవాలనుకుంటున్న పుస్తకాలు ఇప్పుడు ఎక్కడున్నాయి, ఏ రూపంలో ఉన్నాయి? ఇంగ్లీషు నవలలు మాత్రమే చదివేవాళ్లకు ఈ ప్రశ్నతో పనిలేదు. ఏ పెద్ద కంపెనీది కొన్నా ఆ కంపెనీ దుకాణంలో లక్షల పుస్తకాలు సిద్ధంగా ఉంటాయి. తెలుగు చదివేవాళ్ల సంగతి వేరు. 2016 డిసెంబరులో అమెజాన్ తన కిండిల్ దుకాణంలో భారతీయ భాషల పుస్తకాలు పెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. తెలుగు రాలేదు. అందుకే మన పుస్తకాలను చాలావరకు మనమే వెతుక్కుని, మనమే మెషీన్‌లోకి ఎక్కించుకోవాలి. మోడల్, సైజు, ధర ఆ తర్వాతి మాటలు.

అయినా చేతిలో ఫోన్ ఉండగా పుస్తకాలు చదవడానికే ఇంకో మెషీన్ దేనికి? ఫోన్ స్క్రీన్ వెలుతురును పుట్టించి కంట్లోకి పంపుతుంది. ఈ-రీడర్ స్క్రీన్ తనంతట తాను వెలగదు. కాగితంలాగే, మీద పడ్డ వెలుతురునే వెనక్కి పంపుతుంది. ఈ-ఇంక్ అనే ఆ స్క్రీన్‌లో నిజంగానే రంగు పొడి ఉంటుంది. పల్చటి ప్లాస్టిక్ పొర మీద వెంట్రుక మందం బుడగలు లక్షల సంఖ్యలో పరిచి ఉంటాయి. ఒక్కో బుడగలో తేటగా ఉండే ఒక ద్రవం, అందులో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. తెల్లవి టైటానియం డయాక్సైడ్, అంటే గోడలకు వేసే తెల్ల పెయింటులో ఉండేదే. తెల్ల రేణువులకు ఒక రకం విద్యుదావేశం ఉంటే నల్లవాటికి దానికి వ్యతిరేకమైనది. అడుగునున్న ఎలక్ట్రోడ్‌కు దాదాపు 15 వోల్టులు ఇస్తే ఒక రంగు రేణువులు పైకి వస్తాయి, రెండో రంగువి కిందికి పోతాయి. వోల్టేజీని తిరగేస్తే అవీ తారుమారవుతాయి. మధ్యలో ఆపితే బూడిద రంగు. ఇలా మొత్తం 16 ఛాయలు తెప్పించవచ్చు. బుడగ కచ్చితంగా ఒక పిక్సెల్ మీదే కూర్చోవాలని కూడా లేదు. రెండు పిక్సెళ్ల మధ్య పడిన బుడగ ఒక పక్క తెల్లగా, ఇంకో పక్క నల్లగా ఉండగలదు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. జపాన్‌లోని మత్సుషితా కంపెనీ 1970లలోనే దీని మీద పని చేసింది. కానీ రేణువులు కొన్నాళ్లకు ఉండలు కట్టేవి, లేదా అంతా ఒక పక్కకు చేరిపోయేవి. వాటిని చిన్న చిన్న బుడగల్లో బంధిస్తే ఎటూ పోలేవు కదా అన్న ఉపాయం అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో ఫలించింది. జోసెఫ్ జేకబ్సన్, ఆయన దగ్గర పనిచేసిన ఇద్దరు డిగ్రీ విద్యార్థులు బారెట్ కొమిస్కీ, జేడీ ఆల్బర్ట్ 1997లో ఈ-ఇంక్ కంపెనీ స్థాపనలో పాలుపంచుకున్నారు. 1998లో వాళ్ల పరిశోధన ‘నేచర్’ పత్రికలో వచ్చింది. 2004లో సోనీ జపాన్‌లో ఈ స్క్రీన్‌తో తొలి ఈ-రీడర్‌ను అమ్మింది. 2007 నవంబరు 19న వచ్చిన మొదటి కిండిల్, 399 డాలర్ల ధర ఉన్నా, అయిదున్నర గంటల్లో అయిపోయింది.

రేణువులు ఒకసారి పైకి వచ్చాక కరెంటు ఆపేసినా అక్కడే ఉంటాయి. పేజీ తిప్పినప్పుడు తప్ప బొమ్మను నిలబెట్టడానికి స్క్రీన్‌కు కరెంటు అక్కర్లేదు. ఛార్జింగ్ వారాల తరబడి నిలవడానికి కారణం ఇదే. అయితే పెట్టె మీద రాసే "ఆరు వారాలు" అన్న మాట కింద చిన్న అక్షరాలు చదవండి. రోజుకు అరగంట చొప్పున, వైఫై ఆపేసి, లైటు మధ్యస్థంగా పెట్టి చదివితే ఆరు వారాలట. లెక్కేస్తే అది 21 గంటల చదువు. రోజూ మూడు గంటలు చదివే వాడికి వారం. అయినా ఫోన్ కంటే ఎన్నో రెట్లు మేలే, నేనేమీ ఫిర్యాదు చేయడం లేదు. వారాల లెక్క వినగానే మురిసిపోవద్దంటున్నాను, అంతే.

రేణువులు ద్రవంలో ఈదుకుంటూ వెళ్లాలి కాబట్టి పేజీ మారడానికి క్షణకాలం పడుతుంది. వీడియోలు చూడ్డానికి ఇది పనికిరాదు, పేజీలు చకచకా తిప్పి వెతకడానికీ విసుగే. చలికి ద్రవం చిక్కబడి రేణువులు ఇంకా నెమ్మదిస్తాయి. అందుకే మెషీన్‌లో ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్ పెట్టి, ఎంత వేడికి ఎంతసేపు వోల్టేజీ ఇవ్వాలో పట్టిక ముందే రాసి ఉంచుతారు. అప్పుడప్పుడు స్క్రీన్ మొత్తం నల్లగా మెరిసి మళ్లీ తెల్లబడుతుంది. కొత్తగా కొన్నవాళ్లు పాడైందేమోనని టెన్షన్ పడతారు. పలకను తడిగుడ్డతో తుడిచినా పాత గీతలు మసకమసకగా మిగిలినట్టే, కిందటి పేజీ అక్షరాల నీడ ఇక్కడా మిగులుతుంది. దాన్ని వదిలించడానికే ఆ మెరుపు.

కళ్లకు మంచిదా అంటే నేను ఆచితూచి జవాబిస్తాను. ఎండలో, బస్టాండులో, మేడ మీద హాయిగా చదువుకోవచ్చన్నది మాత్రం అనుమానం లేని మాట. ఫోన్ స్క్రీన్ సూర్యుడితో పోటీ పడాలి, ఇది సూర్యుడినే వాడుకుంటుంది. గది మసకగా ఉంటే కథ తిరగబడుతుంది. మంచి కాగితం తన మీద పడ్డ వెలుతురులో 80 శాతం దాకా వెనక్కి పంపితే ఈ-ఇంక్ స్క్రీన్ అందులో సగం కాస్త అటూ ఇటూగా పంపుతుంది. అందుకే లైటు లేని పాత మోడళ్లు ట్యూబ్‌లైటు కింద బూడిదరంగులో కనబడతాయి. ఇప్పటివాటిలో అంచుల్లో చిన్న ఎల్ఈడీలు ఉంటాయి. వాటి వెలుతురు అక్షరాల వెనక నుంచి కాక ముందు నుంచి, స్క్రీన్ మీదికే జారుతుంది. ఇక నిద్ర సంగతి. 2014 చివర్లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. పడుకునే ముందు గంటల తరబడి స్క్రీన్ మీద చదివినవాళ్లకు, అచ్చు పుస్తకం చదివిన రాత్రుల కంటే దాదాపు పది నిమిషాలు ఆలస్యంగా నిద్ర పట్టింది. నిద్రకు సాయపడే మెలటోనిన్ హార్మోన్ కూడా తగ్గింది. "ఈ-రీడర్లతో నిద్ర చెడుతుంది" అని దాన్ని ప్రచారం చేసినవాళ్లు ఒక ముక్క వదిలేశారు. అందులో 12 మందికి ఇచ్చినది ఐప్యాడ్, అదీ పూర్తి వెలుతురులో. ఈ-ఇంక్ సంగతి అందులో తేలలేదు.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వద్దాం. మన లిపి స్క్రీన్‌ను గట్టిగానే పరీక్షిస్తుంది. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద ట వత్తు, దానితో పాటు ర వత్తు ఇరుక్కోవాలి. కింది వరుసలో గుడి ఉంటే ఈ వత్తు దాన్ని తాకకూడదు. అంగుళానికి 300 పిక్సెళ్లున్న స్క్రీన్‌లో ఒక్కో చుక్క 0.085 మిల్లీమీటర్లు. 167 ఉన్నదాంట్లో 0.15. ఇంగ్లీషుకు 167 ఫర్వాలేదు, మన వత్తులు మాత్రం చిన్న సైజులో ముద్దయిపోతాయి. 2022 వరకు కిండిల్ చౌక మోడళ్లు 167 తోనే వచ్చేవి, కాబట్టి పాతవి కొనేటప్పుడు ఈ అంకె తప్పకుండా చూడండి. 300 లేనిదాన్ని తెలుగు కోసం కొనమని నేనైతే చెప్పను.

సైజు విషయంలో తప్పటడుగు వేయడం ఇంకా తేలిక. మనకు దొరికే పాత తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసినవి ఆర్కైవ్.ఆర్గ్‌లో గుట్టలుగా ఉన్నాయి. అది అక్షరాల ఫైల్ కాదు, పేజీల ఫొటో. సైజు పెంచితే అక్షరం ఒక్కటే పెరగదు, పేజీ మొత్తం పెరిగి స్క్రీన్ దాటిపోతుంది. డెమ్మీ సైజు పుస్తకం 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. ఆరు అంగుళాల ఈ-రీడర్ అంటే ఐమూలగా ఆరు. అసలు స్క్రీన్ 3.6 వెడల్పు, 4.8 ఎత్తు. పేజీ మొత్తం పట్టాలంటే 56 శాతానికి కుదించాలి. పుస్తకంలో 12 పాయింట్ల అక్షరం 7 పాయింట్ల కంటే చిన్నదైపోతుంది. అది మందు సీసా మీద రాత. చుట్టూ ఉన్న మార్జిన్ కత్తిరిస్తే కొంత ఊరట, కానీ ఆరు అంగుళాల్లో అప్పటికీ చాలదు. 7.8 అంగుళాలయితే మార్జిన్ తీసేశాక చదవదగ్గట్టు వస్తుంది. 10.3 అంగుళాల్లో డెమ్మీ పేజీ దాదాపు అసలు సైజులోనే కనిపిస్తుంది. కాకపోతే దాని ధరా బరువూ రెండూ ఎక్కువే, పడుకుని గుండెల మీద పెట్టుకుని చదివేది కాదు.

అదే పుస్తకం ఈపబ్ రూపంలో దొరికితే ఈ బాధలేవీ లేవు. ఈపబ్‌లో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. ఏ స్క్రీన్‌కైనా, ఏ సైజుకైనా సర్దుకుంటాయి. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీలో ఉన్న పుస్తకాలను నేరుగా ఈపబ్‌గా దించుకోవచ్చు. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్లకు రచన మీద కాపీరైటు తీరిపోతుంది. కాబట్టి కందుకూరి, గురజాడల కాలం నాటివి ధైర్యంగా తీసుకోవచ్చు. అక్కడ వాలంటీర్లు స్కాన్ పక్కన పెట్టుకుని పేజీ పేజీ సరిచూస్తారు. సరిచూడని పేజీకి ఎరుపు, ఒకరు చూసినదానికి పసుపు, ఇద్దరు చూసినదానికి ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. దించుకునే ముందు ఆ రంగులు చూసుకుంటే ఎన్ని అచ్చుతప్పులు ఎదురవుతాయో ఒక అంచనా వస్తుంది.

కొత్త పుస్తకాలు ఇంత సులువుగా ఈపబ్ కాకపోవడానికి కారణం డీటీపీ సెంటర్లలో ఉంది. ఏళ్ల తరబడి మన పుస్తకాలు పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లతో తయారయ్యాయి. అవి యూనికోడ్ (అన్ని మెషీన్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫైల్‌ను ఇంకెక్కడైనా తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ, మార్చాక ఎవరో ఒకరు మొత్తం చదివి వత్తులు, విరుపులు సరిచేయాలి. ఆ జీతం ఎవరిస్తారన్నదే ప్రచురణకర్త ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఈపబ్ చేతికొచ్చినా మెషీన్‌కు తెలుగు రావాలి. అంటే ఫాంట్ ఒక్కటే ఉంటే చాలదు. ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చే సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ లేకపోతే అక్షరాలుంటాయి గానీ వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. ఫాంటు సమస్య తీర్చుకోవచ్చు. మండలి, సూరన్న, గిడుగు లాంటివి, గూగుల్ వారి నోటో తెలుగు ఫాంట్లు ఉచితం. చాలా ఈ-రీడర్లు బయటి ఫాంట్లను ఒప్పుకుంటాయి. రెండో లోపం మన చేతిలో లేదు.

ఫైళ్లను మార్చడానికి, మెషీన్‌లోకి ఎక్కించడానికి కంప్యూటర్‌లో కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. దాన్ని రాసిన కోవిద్ గోయల్ మన దేశం వాడు. 2006లో తన సోనీ ఈ-రీడర్ కంప్యూటర్‌లోని లినక్స్‌తో కలవకపోయేసరికి సొంత అవసరానికి మొదలుపెట్టాడు, ఇప్పటికీ అది ఉచితమే. నా మటుకు నాకు ఈ-రీడర్ కన్నా కాలిబర్ ఫోల్డరే అసలు లైబ్రరీ, మెషీన్ ఇవాళ ఒకటుంటుంది, రేపు ఇంకొకటి వస్తుంది. దుకాణంలో కొన్నది మనదేననే భరోసా కూడా అంతంతమాత్రమే. 2009లో హక్కులు లేని అమ్మకందారు పెట్టినవని తేలడంతో, కొన్నవాళ్ల కిండిళ్లలోంచి జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని అమెజాన్ దూరం నుంచే చెరిపేసింది. తర్వాత క్షమాపణ చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు డబ్బులు వెనక్కిచ్చింది, పుస్తకాలు మాత్రం తెరుచుకోవడం మానేశాయి. 2025 ఫిబ్రవరి 26 నుంచి కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించే దారినీ అమెజాన్ మూసేసింది. కంపెనీ తాళం లేని ఈపబ్, అంటే ఏ మెషీన్‌లోనైనా తెరుచుకునేది, ఎక్కడైనా అమ్ముతుంటే నాలుగు రూపాయలు ఎక్కువైనా అక్కడే కొంటాను.

రంగుల ఈ-రీడర్లు కూడా వచ్చాయి. ఎక్కువవాటిలో నలుపు తెలుపు స్క్రీన్ మీదే రంగుల ఫిల్టర్ వేస్తారు. దాంతో రంగుకు స్పష్టత అంగుళానికి 150 పిక్సెళ్లకు పడిపోతుంది, తెల్ల కాగితం కాస్తా మట్టిరంగులోకి దిగుతుంది. బొమ్మల పుస్తకాలు, మ్యాపులు చూసేవాళ్లకు సరే. వచనం చదివేవాళ్లు డబ్బులు మిగుల్చుకోవచ్చు.

మా ఇంట్లో దీన్ని అందరికంటే ఎక్కువ వాడేది మా అమ్మ. అక్షరం ఎంత పెద్దది పెట్టుకుంటుందంటే ఒక పేజీకి తొమ్మిది వరుసలు కూడా పట్టవు. వరుసకు మూడు నాలుగు మాటలు. పక్కనుంచి చూసేవాడికి అది పుస్తకమనిపించదు, సైన్‌బోర్డు అనిపిస్తుంది. ఆవిడ మాత్రం కళ్లజోడు వెతుక్కోకుండా, ఎడమ బొటనవేలితో పేజీలు తిప్పుకుంటూ గంటలకొద్దీ చదువుతుంది. అచ్చు పుస్తకం ఈ వీలు ఇవ్వలేదు. ఇంట్లో పెద్దవాళ్ల కోసమే కొంటుంటే పక్కన బటన్లున్న మోడల్ చూడండి. టచ్ స్క్రీన్ మీద పొరపాటున వేలు తగిలి ఇంకేదో పేజీకి పోవడం వాళ్లకు పెద్ద చిరాకు.

చాలా కంపెనీలు వాడకానికి రాసే గరిష్ఠ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. ఆ లెక్కన మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఫ్యాన్ కింద కూర్చుని చదివినా నిబంధన దాటినట్టే. చదవడం వల్ల వెంటనే ఏమీ కాదు గానీ, ఎండలో నిలబెట్టిన కారులో వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షు నిజంగానే తగ్గుతుంది. ఇంకో ప్రమాదం సంచిలో ఉంటుంది. పైకి ప్లాస్టిక్‌లా కనబడే స్క్రీన్ లోపల చాలా మోడళ్లలో పల్చటి గాజు పలక ఉంటుంది. స్టీలు టిఫిన్ డబ్బా అంచు ఒత్తుకుంటే పైన గీత కూడా పడకుండా లోపల పగులుతుంది. ఆ తర్వాత సగం స్క్రీన్ ఎప్పటికీ ఒకే బొమ్మ దగ్గర ఆగిపోతుంది. బాగుచేయించే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా ఉంటుంది కాబట్టి గట్టి అట్ట ఉన్న కవర్ కొనడమే చౌక.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఈ పగులు కోసమే మొదట వెతకాలి. ఆపి ఉంచిన స్క్రీన్ మీది బొమ్మ చూసి మోసపోవద్దు. కరెంటు లేకున్నా అది నిలిచి ఉంటుందని తెలిసిందే కదా. ఆన్ చేయించి పదిసార్లు పేజీలు తిప్పి చూడాలి. పాత యజమాని తన అకౌంట్ తీసేశాడో లేదో సెట్టింగ్స్‌లో అతని ఎదురుగానే చూడాలి. వెళ్లేటప్పుడు ఫోన్‌లో ఒక చిన్న తెలుగు ఈపబ్, ఒక స్కాన్ పీడీఎఫ్, ఒక కేబుల్ వెంట తీసుకెళ్లండి. ఈపబ్‌లో స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న అన్న మూడు మాటలుంటే చాలు. అవి సరిగ్గా కనిపించి, పీడీఎఫ్ మీ కంటికి ఆనితే, బేరం మొదలుపెట్టండి.