పరిశోధన ఫలం: ఎంత వెనక్కి వెళ్ళి వెతకాలి?

అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో ఒక వేడినీటి ఊట. నీళ్ళు దాదాపు 70 డిగ్రీలు, చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. 1966లో ఇండియానా యూనివర్సిటీకి చెందిన థామస్ బ్రాక్, ఆయన దగ్గర డిగ్రీ చదువుతున్న హడ్సన్ ఫ్రీజ్ అక్కడి నుంచి ఒక బ్యాక్టీరియాను తెచ్చి ల్యాబ్‌లో పెంచారు. అంత వేడిలో ప్రాణి ఎలా బతుకుతోందన్నదే వాళ్ళ ప్రశ్న. 1969లో పత్రం అచ్చయింది. ఆ బ్యాక్టీరియా నమూనాను కావాల్సినవాళ్ళు తీసుకునేలా ఒక నిల్వ కేంద్రంలో ఉంచారు.

1983లో అమెరికా రసాయన శాస్త్రవేత్త కేరీ మల్లిస్‌కు పీసీఆర్, అంటే కొద్దిపాటి డీఎన్ఏను కోట్ల కాపీలు చేసే పద్ధతి, ఆలోచన వచ్చింది. డీఎన్ఏను వేడి చేసి విడదీయడం, చల్లార్చి కాపీ చేయడం, మళ్ళీ వేడి చేయడం. చిక్కేమిటంటే, కాపీ చేసే ఎంజైమ్ ప్రతిసారీ ఆ వేడికి పాడైపోయేది. చేత్తో మళ్ళీ మళ్ళీ కలపాల్సి వచ్చేది. ఎల్లోస్టోన్ బ్యాక్టీరియా ఎంజైమ్‌కు ఆ బాధ లేదు. కోవిడ్ రోజుల్లో మన ముక్కులోంచి తీసిన శాంపిల్‌ను పరీక్షించిన పద్ధతి ఇదే.

ఇప్పుడు ప్రభుత్వాలు యూనివర్సిటీలను ఒక మాట గట్టిగా అడుగుతున్నాయి: మీ పరిశోధన వల్ల జనానికి ఏం ఒరిగింది? న్యాయమైన ప్రశ్నే, డబ్బు జనానిది కాబట్టి. అయితే ఈ ప్రశ్నకు పాత చరిత్ర ఉంది. 1945లో యుద్ధకాలపు శాస్త్ర పరిశోధనలను నడిపించిన వానెవర్ బుష్ అమెరికా అధ్యక్షుడికి ఇచ్చిన నివేదిక సారాంశం ఇది: మౌలిక శాస్త్రానికి స్వేచ్ఛ, నిధులు ఇవ్వండి, ప్రయోజనాలు దాని నుంచే వస్తాయి. 1950లో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఏర్పడింది. కొన్నాళ్ళు ఆ నమ్మకం మీదే బండి నడిచింది.

లెక్క మొదట అడిగింది అమెరికా రక్షణ శాఖ. 1960ల్లో ప్రాజెక్ట్ హైండ్‌సైట్ పేరుతో 20 ఆయుధ వ్యవస్థలను తీసుకుని, ఒక్కోదాని వెనక ఏ పరిశోధనలు ఉన్నాయో తవ్వారు. ఏ ప్రయోజనమూ ఆశించకుండా చేసిన శాస్త్రం వాటా 0.3 శాతమని తేలింది. అంటే దాదాపు సున్నా. దీనికి జవాబుగా ఫౌండేషన్ 1968లో ట్రేసెస్ అనే అధ్యయనం చేయించింది. వీడియో టేప్ రికార్డర్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, గర్భనిరోధక మాత్ర వంటి ఐదు ఆవిష్కరణల మూలాలు వెతికితే, కీలక ఘట్టాల్లో సుమారు 70 శాతం అలాంటి శాస్త్రం నుంచే వచ్చాయని తేలింది.

0.3 ఎక్కడ, 70 ఎక్కడ! ఎంచుకున్న వస్తువులు వేరు, అడిగినవాళ్ళ అవసరాలూ వేరు, ఫౌండేషన్‌కు తన నిధులు కాపాడుకోవాలనీ ఉంటుంది. కానీ అసలు తేడా కాలంలో ఉందని నాకనిపిస్తుంది. హైండ్‌సైట్ దాదాపు 20 ఏళ్ళ దగ్గర ఆగింది. ట్రేసెస్ ఇంకా చాలా వెనక్కి వెళ్ళింది. ఈ విషయం మనం మర్చిపోతే ప్రతిసారీ అదే తప్పు చేస్తాం.

ఈలోగా యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించిన సైటేషన్ సూచిక, అంటే ఏ పత్రాన్ని ఏ పత్రాలు ప్రస్తావించాయో చూపే జాబితా, 1964 నాటికి అచ్చులోకి వచ్చింది. పత్రాలు వెతుక్కోవడానికి పుట్టిన పనిముట్టు మెల్లగా మార్కులు వేసే బెత్తంగా మారింది. ఒక పత్రాన్ని వెయ్యిమంది ప్రస్తావించినా, అది ఒక్క రోగికైనా పనికొచ్చిందో లేదో ఆ అంకె చెప్పదు.

బ్రిటన్ 1986 నుంచి యూనివర్సిటీల పరిశోధనను అంచనా వేస్తోంది. 2014లో మొదటిసారి, క్యాంపస్ బయట కనిపించిన ప్రభావానికి 20 శాతం మార్కులు కేటాయించారు, 2021లో 25 శాతం. 2014లో 6,975 కేస్ స్టడీలు వచ్చాయి. ఒక్కోటి నాలుగు పేజీలు: ఏం కనుగొన్నారు, ఎవరి జీవితం ఎలా మారింది, రుజువేమిటి. ఇది మంచి మార్పే. చట్టం మార్చిన, ఆసుపత్రిలో పద్ధతి మార్చిన పనికి అంతకుముందు విడిగా మార్కులు లేవు.

కానీ ఇక్కడా గడువుంది. 2014 నిబంధన ప్రకారం పరిశోధన 1993 లేదా ఆ తర్వాతిదై ఉండాలి, ప్రభావం 2008–2013 మధ్య కనిపించాలి. అంటే మళ్ళీ సుమారు ఇరవై ఏళ్ళే. బ్రాక్, ఫ్రీజ్ పత్రానికీ 2020 కోవిడ్ టెస్టులకూ మధ్య 51 ఏళ్ళు.