మీ జామ్ ఎందుకు గట్టిపడలేదంటే

చిట్టితల్లికీ, బుజ్జిగాడికీ,

మీరు చేసిన జామకాయ జామ్ బ్రెడ్డు మీంచి పాకంలా కారిపోయిందని మీ అమ్మ ఫోన్లో చెప్పి ఒకటే నవ్వు. మీరేమో టెన్షన్‌తో ఇంకాస్త పంచదార పోశారట! తప్పు పంచదారది కాదర్రా. బాగా మగ్గిన పళ్ళే ఏరుకొచ్చారు, అక్కడొచ్చింది చిక్కు.

జామ్‌ని పట్టి నిలబెట్టేది పండులో ఉండే పెక్టిన్. దోరకాయలో అది గట్టిగా ఉంటుంది, పండు మెత్తబడేకొద్దీ విరిగిపోతుంది. ఉన్న పెక్టిన్ అయినా వలలా అల్లుకోవాలంటే రెండు కావాలి. పంచదార నీటిని తనవైపు లాక్కుంటుంది. పులుపేమో పెక్టిన్ పోగులు ఒకదాన్నొకటి నెట్టేసుకోకుండా చూస్తుంది. నిమ్మరసం అందుకే. రుచికోసమేలే అని మీరు మానేశారు.

ఈసారి కిలో కాయల్లో ముప్పావు కిలో దోరవి తీసుకోండి. ముక్కలు కోసి, మునిగేదాకా నీళ్ళు పోసి మెత్తగా ఉడికించి, జల్లెడలో రుద్ది గింజలు తీసేయండి. మిక్సీ వద్దు, గింజలు నలిగి ఇసకలా పంటికింద పడతాయి. కప్పు గుజ్జుకు ముప్పావు కప్పు పంచదార, మొత్తానికి రెండు నిమ్మకాయలు. గిన్నె స్టీలుది, లోతైనది. దగ్గరపడేటప్పుడు జామ్ టప్‌టప్‌మని చిందుతుంది. నా మణికట్టు మీద మచ్చ దానిదే. అక్కణ్ణుంచి గరిటె మీ అమ్మకిచ్చేయండి.

ఎప్పుడు దించాలి? థర్మామీటరుంటే 105 డిగ్రీలు. మనింట్లో అదెప్పుడూ లేదు. ఫ్రిజ్‌లో పెట్టిన సాసరు మీద చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టండి. పైన ముడతలు పడితే అయిపోయినట్టే. ఆ నిమిషంసేపు పొయ్యి ఆపాలి. నేనోసారి మరిచిపోతే చాకుతో కోసుకునే బిళ్ళలయ్యాయి. మీ తాతయ్యకి మాత్రం అవే నచ్చాయి! గిన్నెలో వేడిగా ఉన్నప్పుడు పల్చగానే కనిపిస్తుంది, కంగారుపడి మళ్ళీ ఉడికించకండి.

గాజుసీసాని నీళ్ళలో మరిగించి, తడి లేకుండా ఆరాక వేడివేడిగా పోయండి. ఆవకాయ జాడీ లాగే, తడి చెంచా తగిలితే బూజే. తీపి తగ్గించి చేసుకుంటే ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

కారిపోయిన ఆ మొదటి జామ్ పారేయలేదు కదా? చల్లటి నీళ్ళలో రెండు చెంచాలు కలిపి నిమ్మకాయ పిండుకోండి, మంచి షర్బత్. సంక్రాంతికి వచ్చేటప్పుడు కొత్త సీసా ఒకటి నాకు తెండి.

మీ అమ్మమ్మ