ఆ తలుపు చప్పుడు ఎవరిది? గేమ్ శబ్దాల గొడవ వెనక కథ

అనంతపురంలో నలుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసి చేసిన మొబైల్ గేమ్ మీద కాపీ ఆరోపణ మళ్ళీ లేచింది. కిందటేడు ఒకసారి రేగి చల్లారిన గొడవే ఇది. ఈ మధ్య ఆ గేమ్‌కు ఒక ప్రాజెక్టు ప్రదర్శనలో బహుమతి రావడంతో పాత వీడియో వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ చక్కర్లు కొడుతోంది. వీడియో చేసిన కుర్రాడు గేమ్‌లోంచి నాలుగు శబ్దాలు తీసి, ఒక్కోదాని పక్కన వేరే గేమ్ క్లిప్ పెట్టి వినిపించాడు. ఇనుప తలుపు జరిగే చప్పుడు, కత్తి విసురు, చిన్నపిల్లల నవ్వు, దెబ్బ తగిలిన మనిషి మూలుగు. వింటే నాలుగూ అచ్చం ఒకేలా ఉన్నాయి. అన్నీ ఎత్తేశారని తేల్చేశాడు.

   ఈ గొడవ మూలం 1990ల మొదటి మూడు నాలుగేళ్ళలో ఉంది.

అంతకుముందు గేమ్‌లో శబ్దమంటే చిప్ పుట్టించే కూత. టీవీకి తగిలించి ఆడిన నింటెండో ఎన్‌ఈఎస్ పెట్టెలో సంగీతమైనా, తుపాకీ మోతైనా, గెంతినప్పుడు వచ్చే చప్పుడైనా అన్నీ ఐదు చానళ్ళలో, అంటే ఒకేసారి మోగగల ఐదు శబ్దాల్లో, సర్దాల్సిందే. ప్రోగ్రామర్ అంకెలు రాసి పుట్టించిన శబ్దం కాబట్టి ఏ గేమ్ కూత ఆ గేమ్‌కే ఉండేది. 1989లో పీసీలో బిగించుకునే సౌండ్ బ్లాస్టర్ అనే శబ్దాల కార్డు వచ్చింది. మామూలు పీసీలో కూడా రికార్డు చేసిన అసలు శబ్దం వినిపించే వీలు కలిగింది. మరి ఆ రికార్డింగు ఎవరు చేయాలి? వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది ఉన్న కంపెనీకి మైకులు, స్టూడియో ఎక్కడివి? సింహం గర్జన కావాలంటే సింహం దగ్గరికి ఎవరు వెళ్తారు?

ఆ అవసరం తీర్చే సరుకు అప్పటికే సిద్ధంగా ఉంది. కెనడాలో 1978లో మొదలైన సౌండ్ ఐడియాస్ అనే సంస్థ సినిమా, రేడియో, టీవీ వాళ్ళ కోసం శబ్దాలు రికార్డు చేసి లైబ్రరీలుగా అమ్ముతోంది. దాని 6000 సిరీస్‌కు జనరల్ అని పేరు. 40 సీడీలు, 7,500కు పైగా శబ్దాలు. ఒకసారి కొంటే సినిమాలో వాడుకోవచ్చు, గేమ్‌లో వాడుకోవచ్చు, వాడిన ప్రతిసారీ డబ్బు కట్టక్కర్లేదు. అయితే కొన్నవాడికి దక్కేది వాడుకునే హక్కే, శబ్దం సొంతమైపోదు. అదే హక్కు రేపు ఇంకొకరికీ అమ్ముతారు. ఇదంతా తెలిసే కొంటారు.

1993 డిసెంబరులో డూమ్ అనే తుపాకీ యుద్ధాల పీసీ గేమ్ వచ్చింది. దాని శబ్దాల పని చేసిన బాబీ ప్రిన్స్ ఈ లైబ్రరీని బాగా వాడాడు. డూమ్‌లో తలుపు లేచే చప్పుడు చెవిన పడితే చాలు, ఆడినవాళ్ళెవరైనా గుర్తుపడతారు. అదే తలుపు తర్వాత టీవీ సీరియళ్ళలో, సినిమాల్లో, వేరే గేముల్లో వినిపించింది. ఇంప్ అనే రాక్షసుడు మూల నిలబడి గొణిగే గొణుగుడు నిజానికి ఒంటె గొంతు. ఆ ఒంటె ఇంకెక్కడైనా అరిస్తే డూమ్ నుంచి దొంగిలించారని జనం అనుకుంటారు. డూమ్ వాళ్ళూ, ఆ రెండోవాళ్ళూ ఒకే సీడీ కొన్నారన్న సంగతి ఎవరికీ తట్టదు. మన ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఒకే వినాయకుడి బ్లాకు ఎన్ని ఇళ్ళ శుభలేఖల మీద పడలేదు? పక్కింటివాళ్ళ కార్డు కాపీ కొట్టారని ఎవరూ అనలేదు. శబ్దాల విషయంలో మాత్రం మొదట విన్న చోటే దాని పుట్టిల్లు అనిపిస్తుంది. ఆ అనిపించడమే ఇవాళ్టి ఆరోపణకు ఆధారం.

వీడియోలో తలుపు చప్పుడు పక్కన పెట్టింది డూమ్ క్లిప్పే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ రోజుల్లో గేములు ఫ్లాపీల్లో పట్టాలి. అందుకని డూమ్ శబ్దాలను బాగా కుదించారు. డిజిటల్ శబ్దమంటే సెకనుకు ఇన్నిసార్లని ధ్వనిని కొలిచి రాసుకున్న అంకెలే, ఒక్కో కొలతను నమూనా అంటారు. సీడీలో సెకనుకు 44,100 నమూనాలుంటే డూమ్‌లో 11,025. సీడీలో ఒక్కో నమూనాకు 16 బిట్లు, డూమ్‌లో 8. నమూనాల సంఖ్యలో సగం దాకానే ధ్వని కంపనాలు నిలుస్తాయి, కాబట్టి సుమారు 5,500 హెర్ట్జ్‌కు (సెకనుకు అన్ని కంపనాలకు) పైనున్న సన్నటి ధ్వని ఏదీ డూమ్ ఫైల్లో మిగలదు. ఆ తలుపు కాస్త మూసుకుపోయినట్టు, మందంగా వినిపించేది అందుకే. ఒకసారి పోయిన ఆ పై ధ్వనిని ఆ ఫైల్లోంచి మళ్ళీ బయటికి తీయలేం.

విద్యార్థుల గేమ్‌లోని తలుపు ఫైల్ తీసుకుని ఆడాసిటీ అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్, అంటే ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత ధ్వని ఉందో రంగుల్లో చూపే బొమ్మ, చూశాను. పక్కనే డూమ్ క్లిప్ పెట్టాను. రెండూ ఒకే రికార్డింగు, అందులో అనుమానం లేదు. విద్యార్థులు వేగం కాస్త తగ్గించారు, దాన్ని సరిచేస్తే తలుపు చివర కొట్టుకునే చోటు రెండింట్లో ఒకే క్షణంలో పడుతుంది. వీడియో చేసిన కుర్రాడి చెవి మంచిది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ డూమ్ క్లిప్‌లో 5,500 దగ్గర గీత గీసినట్టు రంగు ఆగిపోతుంది. విద్యార్థుల ఫైల్లో 15,000 దాటి పైకి పోతుంది. డూమ్‌లోంచి తీసి ఉంటే ఆ పై భాగం ఎక్కడి నుంచి వస్తుంది? వాళ్ళ ఫైల్ లైబ్రరీ నుంచే వచ్చింది. తలుపు, పిల్లల నవ్వు విడిగా కొన్నట్టు రశీదులు కూడా చూపించారు. కత్తి విసురు, సోనిస్ సంస్థ గేమ్ డెవలపర్ల సదస్సు సందర్భంగా ఉచితంగా ఇచ్చే ప్యాక్‌లోది. 2015 నుంచి ఆ ప్యాక్‌లు వస్తున్నాయి. గేముల్లో వాడుకోవచ్చని దాని లైసెన్సులోనే ఉంది.

చేతిలో డబ్బు లేని పిల్లలు ఇంత పద్ధతిగా పని చేయడం నాకు గొప్పగా అనిపించింది. ప్రతి ఫైల్ ఎక్కడిది, ఏ లైసెన్సు, ఏ రోజు తీసుకున్నారు అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నారు. పెద్ద స్టూడియోలు చేసే పని ఇదే.

ఆ షీట్‌లో ఒక్క వరుస ఖాళీగా ఉంది. నాలుగోది, మూలుగు.

దానికి సంబంధించిన పాత కేసు ఒకటి ఉంది. పిల్లలు ఎక్కువగా ఆడే రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో బొమ్మ చచ్చినప్పుడు వచ్చే "ఊఫ్" శబ్దం ఏళ్ళ తరబడి పిల్లల నోట నానింది. అది రోబ్లాక్స్ సొంతమనే చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే 2000లో వచ్చిన మెస్సయా అనే గేమ్‌లోది. ఆ గేమ్ ఆడియో చేసిన టామీ టల్లారికో హక్కు తనదన్నాడు. 2020లో ఒక ఒప్పందం కుదిరినా, 2022 జూలైలో లైసెన్సు కారణాలతో రోబ్లాక్స్ ఆ శబ్దాన్ని తీసేసింది. డూమ్ తలుపుకు ఇది పూర్తిగా తిరగబడిన కథ. అక్కడ దొంగతనం అనిపించింది కొనుగోలు. ఇక్కడ ఎవరికీ అనుమానం రానిదానికి వేరే యజమాని తేలాడు. రెండు చోట్లా చెవి చెప్పింది ఒకటే మాట, ఈ శబ్దం ఆ శబ్దమేనని. అది ఎవరిదో చెప్పేది కాగితం.

మన చట్టం కూడా కాగితాన్నే అడుగుతుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన ఏడాది తర్వాతి నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. దాన్ని వాడుకునే లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. మూలుగు శబ్దం ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడని విద్యార్థులు చెబుతున్నారు. అతనికి ఎక్కడిదో అతనికే గుర్తులేదట. వాళ్ళ మాట నేను నమ్ముతాను, కానీ ఈ ఒక్క శబ్దం విషయంలో నమ్మకం సరిపోదు.

వీడియో చేసిన కుర్రాడితో ఫోన్లో మాట్లాడాను. స్పెక్ట్రోగ్రామ్ బొమ్మలు పంపితే, ఎక్కడ కొన్నా సొంతంగా రికార్డు చేయనిది సొంత గేమ్ ఎలా అవుతుందని అడిగాడు. అడగదగ్గ ప్రశ్నే. కానీ వీడియోలో అతను వేసిన నింద అది కాదు, దొంగతనం.

మూలుగును తీసేసి, తమలో ఒకరి గొంతుతోనే కొత్తది రికార్డు చేసి వచ్చే అప్‌డేట్‌లో పెడతామని జట్టు చెప్పింది. మిగతా మూడు శబ్దాల గురించి వీడియోలో అన్న మాటలు ఇంకా అలాగే ఉన్నాయి.