చప్పట్లకు ముందొచ్చిన చప్పుడు

గోల్కొండ ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరంలో కొండ మీదున్న బాలాహిస్సార్‌లో వినపడతాయని హైదరాబాదులో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. నాకు తంటా వచ్చింది ఆ చప్పట్లతోనే.

ఊరి నుంచి వచ్చే చుట్టాల కోసం, ఫోన్‌లో చూసుకుంటూ కోటంతా తిరిగేలా ఒక చిన్న గైడ్ తయారు చేశాను. 42 ఫోటోలు, 25 నిమిషాల తెలుగు వ్యాఖ్యానం, ఐదు నిమిషాల వీడియో, ఒక మ్యాపు. అన్నీ కలిపి 1.1 జీబీ తేలింది. టికెట్ కౌంటర్ దగ్గర మా మేనల్లుడికి లింకు పంపితే, వాడు తెర మీద గిరగిరా తిరుగుతున్న సున్నాని కాసేపు చూసి, "మామా, ఇది డౌన్‌లోడ్ అయ్యేలోపు మనం కోట ఎక్కి దిగొచ్చు" అన్నాడు. నిజమే. ఆ రాత్రి నుంచి సైజు తగ్గించే పనిలో పడ్డాను. వారం రోజులకు 62 ఎంబీకి దిగింది.

ముందు ఫోటోలు. 12 మెగాపిక్సెళ్ల ఫోటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలుంటాయి. మొత్తం 1.2 కోట్లు. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కన మూడు బైట్లు. ఉన్నదున్నట్టు దాస్తే 36 ఎంబీ. ఫోన్ మాత్రం దాన్ని నాలుగైదు ఎంబీల్లో దాచేస్తుంది. మిగతా ముప్ఫై ఎంబీలు ఎటుపోయాయి?

ఫోన్ ఫోటోల్ని కుదించి దాచే పద్ధతి జేపెగ్, వాటిని చేటలో చెరిగేసింది. మన కన్ను వెలుగునీడల తేడాని పట్టినంత సన్నగా రంగుల తేడాని పట్టలేదు. అందుకని జేపెగ్ ముందు వెలుగుని, రంగుని విడదీస్తుంది. వెలుగు ప్రతి చుక్కకీ ఉంచుతుంది, రంగు చెప్పే రెండు అంకెలు మాత్రం సాధారణంగా నాలుగు చుక్కలకి కలిపి ఒక్కసారే. నాలుగు చుక్కలకి పన్నెండు అంకెలు కావాల్సిన చోట ఆరుతో సరిపోయింది. సగం బరువు అక్కడే దిగిపోయింది, మనకి తెలియనే లేదు.

అసలు తెలివంతా ఆ తర్వాత ఉంది. బొమ్మని ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోస్తుంది. 64 రకాల ముగ్గులున్నాయనుకోండి. ఒకటి ఏమీ లేని తెల్లటి వాకిలి, కొన్ని వెడల్పాటి చారలు, చివర్లో కంటికి ఆనని సన్నటి గళ్లు. ఏ గడినైనా "ఈ ముగ్గు ఇంత, ఆ ముగ్గు అంత" అని కలిపి రాయొచ్చు. కోట వెనక ఆకాశానికి ఒకటి రెండు ముగ్గులు చాలు. గరుకైన గ్రానైట్ గోడకి చాలా కావాలి. సన్న ముగ్గుల వాటాలు ఎలాగూ చిన్నవి కాబట్టి వాటిని సున్నా చేసేస్తారు. "ఇక్కణ్ణుంచి అన్నీ సున్నాలే" అని రాయడానికి ఎంత చోటు కావాలి? మనం క్వాలిటీ 80, 60 అని జరిపే మీట నిజానికి ఈ వాటాల్ని ఎంత ముతకగా రాయాలో చెబుతుంది; ముతక పెరిగేకొద్దీ సున్నాలు పెరుగుతాయి, అంతే.

ఈ ముగ్గుల లెక్క పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. 1974లో దీన్ని ప్రచురించిన ముగ్గురి పేర్లు చూడండి: నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. అహ్మద్ బెంగళూరులో పుట్టినవాడు. ఈ ఆలోచన మీద పరిశోధనకి డబ్బు ఇవ్వమని 1972లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని అడిగితే కాదన్నారు. అయినా పని ఆపలేదు. జేపెగ్ ప్రమాణం 1992లో వచ్చింది. ఇవాళ మన ఫోన్లో ఉన్న ఫోటోల్లో చాలామటుకు ఆ లెక్క మీదే నడుస్తున్నాయి.

నేను చేసిన పెద్ద తప్పు మాత్రం క్వాలిటీ మీటతోనే ఆడుకుంటూ కూర్చోవడం. ఫోన్ తెర వెడల్పు చాలావాటిలో 1,080 చుక్కలే. 4,000 చుక్కల ఫోటో పంపి ఏం లాభం? 1,600కి కుదిస్తే చుక్కల లెక్క ఆరో వంతుకి పడిపోయింది, ఒక్కో ఫోటో 250 కేబీ అయింది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఫైలు ఎంత చిన్నదైనా, తెర మీద చూపించే ముందు ఫోన్ దాన్ని మళ్లీ పూర్తిగా విప్పుతుంది. 12 మెగాపిక్సెళ్ల బొమ్మ 300 కేబీలోకి వచ్చినా, చుక్కకి నాలుగు బైట్ల చొప్పున ర్యామ్‌లో 48 ఎంబీ తింటుంది. అలాంటివి పది వరసగా తెరిస్తే పాత ఫోన్ చేతులెత్తేస్తుంది. అసలు ఫోటోలు మాత్రం పక్కన భద్రంగా ఉంచుకోవాలి. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే ఏమవుతుందో, పది గ్రూపులు తిరిగొచ్చిన గుడ్ మార్నింగ్ గులాబీని చూస్తే తెలుస్తుంది.

మ్యాపు దగ్గర జేపెగ్ పరువు తీసింది. 'ఫతే దర్వాజా'లో వత్తు చుట్టూ దోమలు ముసిరినట్టు మరకలు. పదును అంచు రావాలంటే సన్న ముగ్గులన్నీ కావాలి, వాటినేమో పారేశాం. మన అక్షరాలకున్న వంపులు, వత్తులు, తలకట్లు ఈ దెబ్బకి ముందు పోతాయి. మ్యాపుని, చుక్కల్ని పారేయకుండా కుదించే పీఎన్‌జీ పద్ధతిలో, రంగుల్ని 256కి పరిమితం చేసి దాచాను. ఒక్క చుక్క పోలేదు, సైజూ తక్కువే. వ్యాఖ్యానం పాఠాన్ని బొమ్మగా పెట్టాలన్న ఆలోచన కూడా మానుకుని టైపు చేసి పెట్టాను. యూనికోడ్‌ని దాచే మామూలు పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి; 'తెలుగు' అన్న మాటకి 18. దండగ అనిపిస్తుంది. కానీ ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింట్లో ఒకటి. ఇలా పదే పదే వచ్చేదాన్ని జిప్ లాంటి పద్ధతి ఇట్టే నమిలేస్తుంది.

ఇక చప్పట్లు. 25 నిమిషాల వ్యాఖ్యానం సీడీ నాణ్యతలో 264 ఎంబీ ఉంది. మాటలకి స్టీరియో ఎందుకు? మోనో చేసి, ఎంపీ3లో గట్టిగా కుదించాను. గొంతు బాగానే ఉంది. ఫతే దర్వాజా చప్పట్ల దగ్గరికి వచ్చేసరికి, చప్పట్లకి రెప్పపాటు ముందు 'ఫ్స్' అని ఒక చప్పుడు. నేనే మైకు కదిపానేమో అనుకుని అసలు రికార్డింగ్ పదిసార్లు విన్నాను. అందులో లేదు.

ఎంపీ3 శబ్దాన్ని దాదాపు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా పేరుస్తుంది. కుదింపులో వచ్చే లోపం కొంత రొదగా మారి ముక్కంతా పరుచుకుంటుంది. మామూలుగా పెద్ద శబ్దం చిన్న రొదని మింగేస్తుంది, అందుకే మనకి తెలియదు. చప్పట్లు ముక్క మధ్యలో పడితే, దాని ముందు భాగంలో ఉన్నది నిశ్శబ్దం. రొద అక్కడా పరుచుకుంది. పెద్ద శబ్దం తర్వాత వచ్చే చిన్న చప్పుడుని చెవి వంద మిల్లీసెకన్లయినా పట్టించుకోదు కానీ, ముందొచ్చినదాన్ని కొద్ది మిల్లీసెకన్లకి మించి క్షమించదు. దీన్ని ప్రీ-ఎకో అంటారు. ఇలాంటి చోట్ల ముక్కల్ని చిన్నవి చేసుకునే ఏర్పాటు ఎంపీ3లో ఉంది గానీ, బిట్లు మరీ పిసినారిగా ఇస్తే అదీ చాలదు. చివరికి మాటలన్నీ 2012లో వచ్చిన ఓపస్ పద్ధతిలో సెకనుకి 32 కిలోబిట్లకి కుదించాను, ఆరు ఎంబీలయ్యాయి. చప్పట్ల 20 సెకన్లకి మాత్రం ధారాళంగా 192 ఇచ్చాను. అర ఎంబీ కూడా కాలేదు.

వీడియోదీ పిసినారి లెక్కే. కుదించకపోతే ఫుల్ హెచ్‌డీ వీడియో సెకనుకి 187 ఎంబీ, నిమిషానికి 11 జీబీ. ఫోన్ నిమిషానికి 130 ఎంబీలో సరిపెట్టగలుగుతోందంటే కారణం, అప్పుడప్పుడు ఒక ఫ్రేముని పూర్తిగా దాచి, మిగతా ఫ్రేముల్లో "ఈ గడి కాస్త కుడికి జరిగింది" అని తేడాల్ని మాత్రమే రాసుకోవడం. ట్రైపాడ్ మీద తీసిన గోడ దాదాపు ఉచితం. మెట్లెక్కుతూ ఆయాసపడుతూ చేత్తో తీసింది మాత్రం ప్రతి గడీ కదులుతుంది, చెట్ల ఆకులైతే చెప్పక్కర్లేదు. ఆ భాగం మళ్లీ వెళ్లి నిలబడి తీశాను, ఏ మీట జరిపినా రానంత ఆదా వచ్చింది. 2018లో వచ్చిన ఏవీ1 ఇంకా బాగా కుదిస్తుంది కానీ, దాన్ని విప్పే చిప్పు లేని ఫోన్లు వేడెక్కి బ్యాటరీ తాగుతాయి. చుట్టాల ఫోన్లు తెలుసు కాబట్టి 2003 నాటి హెచ్.264తోనే ఉన్నాను.

ఒక్క క్లిప్ మాత్రం లొంగలేదు. చీకటి పడ్డాక కోట వెనక ఆకాశం, నలుపులోకి మెల్లగా జారే నీలం. కుదించగానే ఆ జారుడు పోయి మెట్లు మెట్లుగా పట్టీలు కనపడ్డాయి. దీనికి మందు వింతగా ఉంటుంది. బొమ్మ మీద కాస్త రొదని, ఇసుక చల్లినట్టు, కావాలనే చల్లితే కన్ను పట్టీల్ని మరిచిపోతుంది. ఆ ఇసుకని దాచడానికి బిట్లు ఎక్కువ కావాలి మరి. వారం రోజులుగా ఎంబీలు కోస్తూ వచ్చినవాణ్ణి, ఆఖరి రాత్రి కూర్చుని ఆ క్లిప్‌కి నేనే రెండు ఎంబీలు కలిపాను.