హార్డ్‌వేర్ వాలెట్‌తో మెసేజ్ సైనింగ్: అపోహలు - వాస్తవాలు

"ఈ అడ్రస్ మీదేనని చూపించండి" అని క్రిప్టో ఎక్స్ఛేంజీలు, ఆడిటర్లు అడిగినప్పుడు మెసేజ్ సైన్ చేయాల్సి వస్తుంది: అంటే ఒక మెసేజ్ మీద ఆ అడ్రస్ ప్రైవేట్ కీతో (కాయిన్లు ఖర్చుపెట్టే రహస్య సంఖ్య) డిజిటల్ సంతకం పెట్టడం. చేతిలో హార్డ్‌వేర్ వాలెట్ (ఆ కీని దాచే చిన్న డివైస్) ఉంటే రెండు నిమిషాల పని. చాలామందిని ఆపేది పని కాదు, దాని గురించి విన్న మాటలు.

అపోహ: సైన్ చేస్తే కాయిన్లు కదులుతాయి, ఫీజు పడుతుంది.

బిట్‌కాయిన్‌లో అలా జరగదు. వాలెట్ మీ మెసేజ్‌కి ముందు "బిట్‌కాయిన్ సైన్డ్ మెసేజ్" అనే మాట తగిలించి, మొత్తాన్ని రెండుసార్లు ఎస్‌హెచ్‌ఏ-256 సూత్రంతో కుదించి, వచ్చిన హ్యాష్ (చిన్న డిజిటల్ వేలిముద్ర) మీద సంతకం పెడుతుంది. ముందు ఆ మాట ఉన్నందువల్ల ఆ సంతకం ఏ లావాదేవీకీ పనికిరాదు. 2020 మేలో, తానే బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషీనన్న క్రెయిగ్ రైట్ తనవని చెప్పుకున్న జాబితాలోని 145 అడ్రస్‌ల కీలతో, ఆ కీలు ఆయన దగ్గర లేవంటూ ఒక మెసేజ్ సైన్ అయి బయటికొచ్చింది. దాని కోసం ఒక్క కాయిన్ కూడా కదలనక్కర్లేకపోయింది.

ఎథేరియంలో మాత్రం ఈ ధీమా పనికిరాదు. ఈఐపీ-2612 అనే ఎథేరియం ప్రమాణంలోని 'పర్మిట్' సంతకానికి మీ దగ్గర గ్యాస్ (నెట్‌వర్క్ ఫీజు) పడదు, కానీ మీ టోకెన్లు ఖర్చుపెట్టే అనుమతి వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. డివైస్ తెర మీద స్పెండర్ (ఖర్చుపెట్టే అనుమతి పొందేవారి) అడ్రస్, మొత్తం, గడువు మూడూ చదవాలి. మొత్తం దగ్గర అంతూపొంతూ లేని అంకె కనిపిస్తే అది అపరిమిత అనుమతి.

అపోహ: హార్డ్‌వేర్ వాలెట్ వాడాను కాబట్టి భయం లేదు.

కీ బయటికి పోదు, అంతవరకే దాని హామీ. తెర మీద హ్యాష్ మాత్రమే చూపిస్తే మీరు గుడ్డిగా సంతకం పెడుతున్నట్టే. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల ఎథేరియం పోయింది ఈ దారిలోనే: బ్రౌజర్‌లో మామూలు బదిలీ కనిపించింది, డివైస్‌లకు వెళ్లింది వేరే డేటా. 2024 జూలైలో దోపిడీకి గురైన వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీ కూడా తెరపై చూపిందానికీ సంతకమైనదానికీ తేడా ఉందనే చెప్పింది. మల్టీసిగ్ (పలువురి సంతకాలు కావాల్సిన వాలెట్) నడిపేవాళ్లు డొమైన్ హ్యాష్ (ఏ వాలెట్, ఏ నెట్‌వర్క్ అనేది), మెసేజ్ హ్యాష్ (ఏం సైన్ చేస్తున్నారనేది)లను ఇంకో కంప్యూటర్‌లో లెక్కగట్టి డివైస్ చూపేవాటితో పోల్చుకోవాలి. విసుగు పనే, కానీ తప్పదు.

అపోహ: వెరిఫై చేసేటప్పుడు 'ఇన్‌వాలిడ్' అని వస్తే సంతకం నకిలీ.

ఎక్కువసార్లు అది ఫార్మాట్ గొడవ. పాత పద్ధతి సంతకం 65 బైట్లు, బేస్64లో (బైట్లను అక్షరాలుగా రాసే పద్ధతి) 88 అక్షరాలు. బిప్-137 అనే బిట్‌కాయిన్ ప్రమాణం ప్రకారం మొదటి బైట్ అడ్రస్ రకాన్ని చెబుతుంది: 1తో మొదలయ్యే అడ్రస్‌కి సాధారణంగా 31-34, 3తో మొదలయ్యేదానికి 35-38, బీసీ1క్యూతో మొదలయ్యేదానికి 39-42. ఎలక్ట్రమ్ వాలెట్ మాత్రం బీసీ1క్యూకి కూడా 31-34 వేస్తుంది. అందుకే బీసీ1క్యూ సంతకం హెచ్ లేదా ఐతో మొదలైతే ఎలక్ట్రమ్ పద్ధతి, జె లేదా కెతో మొదలైతే ట్రెజర్ హార్డ్‌వేర్ వాలెట్ పద్ధతి అనుకోండి. దాని యాప్ ట్రెజర్ సూట్‌లోని 'సైన్ అండ్ వెరిఫై'లో రెండిట్లో ఒకటి ఎంచుకోవచ్చు. బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్‌లోని పాత వెరిఫై కమాండ్ 1తో మొదలయ్యే అడ్రస్‌లకే పనిచేస్తుంది. బీసీ1పీతో మొదలయ్యే అడ్రస్‌లకు బిప్-322 ప్రమాణం కావాలి.

ఫార్మాట్ సరిపోయినా ఫెయిలైతే మెసేజ్‌లోనే తేడా ఉంటుంది. చివర ఒక స్పేస్ చాలు, ఫోన్ కీబోర్డ్ వంకర కొటేషన్ గుర్తులు పెట్టినా చాలు. తెలుగులో రాస్తే ఇంకో చిక్కు. 'వాలెట్‌లో' వంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని 3 బైట్ల అక్షరం ఉంటుంది, కాపీ చేసేటప్పుడు అది రాలిపోవచ్చు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక కోడ్‌గానూ రాయొచ్చు, రెండుగానూ రాయొచ్చు. చూడ్డానికి ఒకటే, హ్యాష్ వేరు. పైగా కోల్డ్‌కార్డ్ లాంటి హార్డ్‌వేర్ వాలెట్లు ఆస్కీ (మామూలు ఇంగ్లిష్) అక్షరాలు తప్ప తీసుకోవు. భాషాభిమానం పక్కనబెట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒకే లైన్‌లో రాయండి.

అపోహ: సంతకం సరిపోతే అడ్రస్ ఇవాళ్టికీ ఆ మనిషిదే.

సంతకంలో తేదీ ఉండదు. 2016లో తానే సతోషీనని క్రెయిగ్ రైట్ చూపించిన సంతకం 2009 నాటి ఒక లావాదేవీలోదని తేలింది. మెసేజ్‌ని అడిగేవాళ్లే ఇవ్వాలి: ఎవరికి, దేనికి, తేదీ, బ్లాక్‌చెయిన్‌లోని తాజా బ్లాక్ హ్యాష్. హ్యాష్ ఉంటే ఆ బ్లాక్ కంటే ముందు సైన్ చేసింది కాదని రుజువవుతుంది. "ఈ అడ్రస్ నాది" అని మాత్రమే రాసి ఇస్తే, అందినవాడు దాన్ని ఇంకొకరి దగ్గర తనదిగా చూపించగలడు.

అపోహ: సంతకం నుంచి ప్రైవేట్ కీ లాగేయొచ్చు.

లాగగలిగేది పబ్లిక్ కీనే. ఒకే నాన్స్ (ప్రతి సంతకానికీ వేరుగా ఉండాల్సిన రహస్య సంఖ్య) రెండుసార్లు వాడితే ప్రైవేట్ కీ కూడా బయటపడుతుంది, 2013లో ఆండ్రాయిడ్ వాలెట్లకు పట్టిన తెగులు అదే. ఆర్‌ఎఫ్‌సీ 6979 ప్రమాణం పాటించే డివైస్‌లు నాన్స్‌ని మెసేజ్, కీల నుంచే లెక్కగడతాయి.

అపోహ: వెరిఫై చేయాలంటే డివైస్ కావాలి.

అక్కర్లేదు. అడ్రస్, మెసేజ్, సంతకం ఉంటే ఎవరైనా, ఇంటర్నెట్ లేకుండా కూడా చూసుకోవచ్చు. వెరిఫికేషన్ పేరుతో మీ వాలెట్ 12 లేదా 24 రికవరీ పదాలు అడిగే పేజీ దొంగది.

అపోహ: ఎక్స్ఛేంజీ ఇచ్చిన డిపాజిట్ అడ్రస్‌తోనూ సైన్ చేయొచ్చు.

ఆ కీలు ఎక్స్ఛేంజీ దగ్గరుంటాయి, మీ డివైస్‌లో కాదు. ముందు కాయిన్లను మీ వాలెట్‌కి తెచ్చుకుని, ఆ అడ్రస్‌తో సైన్ చేయండి.